గండికోట జుమ్మా మసీదు

కావ్యమును విమర్శింపబూనినవాడు ముందుగా దానిని చదువవలయును. ఇది చెప్పనక్కఱలేని మాట. అయినను కట్టడముల విషయమున మనలో పెక్కండ్రు ఈ చిన్న నియమమును పాటింపరు. కట్టించినవాని పేరు విని మెచ్చుకొనుటయో, మతము విని మొగము త్రిప్పుకొనుటయో జరుగుచున్నది గాని, ఎదుట నిలిచి, చుట్టి చూచి, ఆ రాయి యేమి చెప్పుచున్నదో వినువారు అరుదు. ఈ దోషమును ఇతరులయందు చూపుటకు ముందు మాయందే చూపవలసి యున్నది.

పదునాలుగేండ్ల క్రిందట మేము రుద్రవరమునుండి కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని గండికోటకు పోయితిమి. వేకువనే బయలుదేరి ఆళ్లగడ్డ, చాగలమర్రి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా ఎండ ముదురకముందే కోట చేరితిమి. పిల్లలకు పెన్న లోయను చూపితిమి. మాధవరాయస్వామి గోపురము క్రింద నిలిపి విజయనగర శిల్పమునుగూర్చి అరగంటసేపు ఉపన్యసించితిమి. రంగనాథాలయమును చూపితిమి, ధాన్యాగారమును చూపితిమి. దాని చేరువనున్న మసీదు ముందుగా నడచిపోవుచుండగా ఒక బాలుడు, "అయ్యవారూ, ఇది చూడమా?" అని యడిగెను. వాడు ముసల్మాను బాలుడు. "అందులో చూడదగిన శిల్పమేమియు లేదు, ప్రొద్దుపోవుచున్నది" అని మేము ముందుకు సాగితిమి. వాడు మరల అడుగలేదు.

మా మాట అసత్యము. అప్పటికి మేము ఆ మసీదులో అడుగైనను పెట్టి యెఱుగము. చదువని గ్రంథమునకు తీర్పు చెప్పు విమర్శకు డెట్టివాడో ఆనాడు మేమును అట్టివారమే. ఆ బాలుని మొగమున కోపము కానరాలేదు. ఇట్టి సమాధానమునకు మునుపే అలవాటుపడినవాని ఓర్పు కానవచ్చెను. కోపమే యైయుండిన మేము మఱచిపోయి యుందుము. ఆ ఓర్పును మాత్రము మఱవలేకపోతిమి.

గడచిన మాఘమాసమున మా గృహిణితోడను, ఆళ్లగడ్డలో విగ్రహములు చెక్కి జీవించు ఒక వృద్ధశిల్పితోడను మరల గండికోటకు పోయితిమి. ఈ వ్యాసము ఆనాటి దర్శనఫలము.

స్థలమును ఎఱుగని చదువరులకొఱకు నాలుగు మాటలు. గండి యనగా కొండను నది చీల్చిన సందు. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱుచోట, నిట్టనిలువుగా తెగిన లోయ యొడ్డున ఈ దుర్గము వెలసినది. ఒక దెసను లోయయే దీనికి అగడ్త. ఇచ్చటి కొండఱాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఈ కోట పేరుమీదనే 'గండికోట క్వార్ట్జైటు' అని పేరిడిరి. విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసానివారు దీనిని పాలించిరి. 1650వ సంవత్సరమున గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొనెను. పిమ్మట కోట పలువురి చేతులు మాఱి, 1800లో దత్తమండలములతోబాటు ఆంగ్లేయుల వశమైనది. నేడిది వై.యస్.ఆర్. కడప జిల్లాలో పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. మాధవరాయస్వామి ఆలయము విజయనగర కాలపుది. జుమ్మా మసీదు గోలకొండవారి విజయమునకు తరువాతిదని ప్రతీతి. ఆలయమునకును మసీదునకును నడుమ దూరము స్వల్పము. ఒకదానినుండి మఱొకదానికి నడచిపోయినచో రెండు శిల్పశాస్త్రములు మన కాళ్లకే తెలియును.

మొదట మాధవరాయస్వామి ఆలయమునకే పోయితిమి. మన దేవాలయ నిర్మాణమున భక్తుడు వెలుతురునుండి చీకటికి నడచును. ఎత్తైన గోపురము, దాని వెనుక బయలు, బయలు దాటిన మండపము, మండపము దాటిన అంతరాళము, తుదకు గర్భగృహము. అడుగడుగునకు చోటు ఇఱుకగును, కప్పు క్రిందికి దిగును, వెలుతురు సన్నగిల్లును. వేయిమంది కూడ వచ్చినను కడపటి గడప యొద్ద ప్రతి మనుష్యుడును ఒంటరివాడే. అక్కడ చిన్నదీపము, దాని వెనుక స్వామి. దారి పొడవునను స్తంభములమీది శిల్పములు వానిని ఆ క్షణమునకు సిద్ధపఱచును. కనుక శిల్పము ఆలయమునకు నగ మాత్రము కాదు. అది దారి చెప్పు భాష.

ఆ భాషకు అలవాటుపడిన కన్నులతో మసీదు ద్వారము దాటితిమి. దాటగానే విశాలమైన ముంగిలి. ప్రక్కలను కమానుల వసారాలు. పడమట ప్రార్థనామందిరము, దాని రెండు కొనలను అంతస్తులు అంతస్తులుగా లేచిన రెండు మినారులు. కన్ను అలవాటు చొప్పున బొమ్మకై వెదకినది, దొరకలేదు. సింహము లేదు, యాళి లేదు, నర్తకి లేదు. నడచుటకు దారియును లేదు. అంతయు ఒక్కసారిగా కంటి కెదురుగ నున్నది. పదునాలుగేండ్ల క్రిందట లోనికి వచ్చియుండినను మేము ఇచ్చటినుండియే వెనుదిరిగి, "చూడదగిన దేమియు లేదు" అని యుందుము. ఈసారి అరుగుమీద కూర్చుండి ఆలోచించితిమి.

మసీదు అను మాటకు నుదురు నేలమోపి మ్రొక్కు చోటని అర్థము. మదీనాలో ప్రవక్త కట్టించిన మసీదునకు ఖర్జూరపు మ్రాకులే స్తంభములు, ఆ చెట్టు మట్టలే కప్పు. శుభ్రమైన నేలయు, మక్కా దిక్కును తెలుపు గుఱుతును ఉన్న చాలును. తక్కినదంతయు వసతికొఱకును అందముకొఱకును వచ్చి చేరినది. నమాజు చేయువారు భుజమునకు భుజము తాకునట్లు వరుసలుగా నిలుతురు. మన దేశమునుండి మక్కా పడమటి దెస కనుక వరుసలు ఉత్తర దక్షిణములుగా సాగును. వరుస ఎంత పొడవైన అంత మేలు. కాబట్టి మందిరము లోనికి సాగక ప్రక్కలకు విచ్చుకొనును. దేవాలయము లోతును కోరును. మసీదు వెడల్పును కోరును. ఒకటి మనుష్యుని ఒంటరిగా చేసి దేవుని ముందు నిలుపును. మఱొకటి మనుష్యుని పదిమందిలో కలిపి దేవుని ముందు నిలుపును. ఈ రెండు కోరికలలో ఏది గొప్పదో తేల్చుట విమర్శకుని పని కాదు. ఎవరి కోరికను వారి కట్టడము ఎంతవఱకు తీర్చినదో చూచుటయే వాని పని. యతిప్రాసలు లేవని వచనమును నిందించువానిని మనము విమర్శకుడని యందుమా? బొమ్మలు లేవని మసీదును నిందించుటయు నట్టిదే.

మందిరములో పడమటి గోడయందు మెహరాబు అను గూడు కలదు. మా గృహిణి దానిని చాలసేపు చూచి, "ఏమండీ, ఇంత అందముగా గూడు కట్టి అందులో దీపమైనను పెట్టలేదేమి?" అని యడిగినది. తెలుగింట పుట్టిన ఆడుదాని ప్రశ్న యిది. మన యిండ్లలో గూడన్నచో దీపమునకో, దేవునికో, కాటుక భరిణెకో నెలవు. వట్టి గూడు మనకు తెలియదు. మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. కొంతసేపటికి తోచినది: ఆ గూడు దేనినో ఉంచుటకు కట్టినది కాదు, దిక్కు చూపుటకు కట్టినది. అందులో ఏది ఉంచినను చూపు అక్కడనే ఆగిపోవును. అది వట్టిదిగా నుండుటచేతనే చూపు గోడను దాటి పోవును. ఈ మాట చెప్పగా ఆమె, "అయితే అది గూడు కాదు, కిటికీ" అన్నది. మేము చదివిన గ్రంథములలో మెహరాబునకు ఇంతకంటె సులభమైన వ్యాఖ్యానము మాకు కనబడలేదు.

శిల్పివరుడు మాతో మాటలాడక పైకే చూచుచుండెను. ఏమి చూచుచున్నారని యడుగగా, "కమానును చూస్తున్నాను, అయ్యవారూ. రాయి బరువును మోస్తుంది గాని సాగదు. దూలముగా పఱిస్తే నడిమి బరువుకు దాని అడుగుభాగము సాగవలసి వస్తుంది, సాగలేదు, పగులుతుంది. అందుకే మా మండపములలో స్తంభాలు దగ్గఱదగ్గఱగా నాటుతాము. ఇక్కడివాండ్లు రాతికి సాగే పని పెట్టనే లేదు. ఒకదాన్ని ఒకటి నొక్కుకొని నిలబడేటట్లు చేసినారు" అని చెప్పెను.

ఈ నాలుగు వాక్యములలో రెండు నిర్మాణ పద్ధతుల భేదమంతయు నున్నది. రెండు స్తంభములమీద దూలమును పఱచుట మన ప్రాచీన పద్ధతి. దూలము పొడవు పెరిగినకొలది విఱుగు భయము పెరుగును; అందుచేత మండపము స్తంభముల వనమగును. ఆ వనమే మన శిల్పికి వరమైనది, చెక్కుటకు అన్ని ముఖములు దొరికినవి. కమానులో ఱాళ్లు వంపుగా పేర్చబడి ప్రతి ఱాయియు ఇరుగుపొరుగు ఱాళ్లను నొక్కుచుండును. పైబరువు హెచ్చినకొలది ఆ బిగువు హెచ్చును. దానివలన నడుమ స్తంభములు తగ్గి వరుసలు తెగక నిలుచుటకు చోటు దొరకును. కాని దీనికిని ఒక వెల కలదు. కమాను బరువును క్రిందికే గాక ప్రక్కలకును నెట్టును. ఆ త్రోపును ఆపుటకు కొనలను బలమైన కట్టుబడి కావలయును. ముఖభాగము కొనలను నిలిచిన మినారుల బరువు ఆ పనికి తోడ్పడును. అలంకారమని మనము అనుకొన్నది అండయు నగుట మంచి నిర్మాణమునకు లక్షణము. మంచి కవితలో విశేషణము అట్లే అర్థమును మోయును గదా.

ఈ కమాను పరాయిదని కొందఱందురు. పుట్టుకచే పరాయిదే కావచ్చును, మనుగడచే కాదు. హంపీలో లోటస్ మహలని పిలువబడు భవనమున క్రింద కమానులు, పైన దేవాలయ శిఖరములవంటి కప్పులు. రెండును కలిసి తెలుగు కన్నడ రాజుల నగరున వెలసినవి. అదే హంపీలో రెండవ దేవరాయల కొలువున నున్న అహమ్మదుఖాను 1439లో కట్టించిన మసీదు కలదు. దానికి కమానులే లేవు. స్తంభములు, దూలములు గల మండపమువలె నున్నది. దాని శాసనమున దానిని ధర్మశాల యని పేర్కొనినారు. రాజు తన కొలువుకూటమునకు కమానును కోరెను. ముసల్మాను తన ప్రార్థనకు మండపమును కోరెను. పనివారు రెండింటిని కట్టిరి. గండికోటలో సయితము మాధవరాయస్వామి గోపురపు పైయంతస్తులను నిలిపినదియు, మసీదు మినారులను నునుపుచేసినదియు సున్నమే.

భాషయందును ఈ ఇచ్చిపుచ్చుకొనుట కలదు. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని తెలుగుచేసి పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయన కంకితము చేసెను. మొట్టమొదటి అచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రను పొన్నికంటి తెలగన అంకితము చేసినది అమీనుఖాను అను ముసల్మాను ప్రభువునకు. సంస్కృత పదము సోకని తెలుగునకు మొదటి యాదరణ ఎక్కడ దొరకెనో గమనింపుడు.

ఇంతవఱకు గుణములు చెప్పితిమి. దోషములు చెప్పనిచో ఇది విమర్శ కాక స్తుతి యగును. ఈ మసీదు లోపలి స్వభావమునకును వెలుపలి స్వభావమునకును పూర్తి పొత్తు కుదురలేదని మా యభిప్రాయము. లోపలి ముంగిలి అణకువగలది. అందులో దొరకును నౌకరును ఒక్క వరుసలోని వారే. వెలుపలి మినారు లట్లు కావు. అజా వినిపించుటకు అంత యెత్తును అన్ని అంతస్తులును అక్కఱలేదు. అవి దూరమునుండి చూచువానికి, "ఈ కోట యిప్పుడు ఎవరిదో తెలిసికొనుము" అని చెప్పుటకు లేచినట్లున్నవి. హైదరాబాదు మక్కా మసీదును చూచినవారికి ఈ భేదము స్పష్టముగ తెలియును. సుల్తాను మహమ్మదు కుతుబ్‌షా కాలమున మొదలై, 1687లో గోలకొండ మొగలాయిల వశమైన తరువాత, ఔరంగజేబు కాలమున 1694లో ముగిసిన ఆ మసీదునకు కొనలనున్న మినారులు కట్టడమును మించి లేవవు. బలమంతయు నల్లఱాతి కమానుల వరుసలోనే యున్నది. గండికోట శిల్పి వెలుపల విజేతకును, లోపల దేవునికిని ఊడిగము చేసెను. ఇద్దఱు యజమానులను కొలుచువాని కష్టము వాని పనిలో కానవచ్చుచున్నది.

విజేత మాట వచ్చినది గనుక చరిత్రను దాచుట ధర్మము కాదు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిసికొనెను. దేవాలయములనుండి కొనితెచ్చిన లోహవిగ్రహములను కరిగించి ఇచ్చట ఫిరంగులు పోయించుచుండిరని తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు. ఇది చదివి మనసు నొచ్చుకొనని హిందువు ఉండడు. నొచ్చుకొనుట తప్పును కాదు. అయితే ఆ పుటను సగముతో ఆపక తుదవఱకు చదువవలయును. ఆ పోతపని నడిపినవాడు జీతమునకు కుదిరిన ఒక ఫ్రెంచివాడని టావెర్నియేయే వ్రాసినాడు. చేయించిన మీర్ జుమ్లా పర్షియానుండి వచ్చి వజ్రవ్యాపారమున ధనము గడించి సేనానియైనవాడు. గండికోటను గెలిచిన అయిదారేండ్లకే తన ముసల్మాను ప్రభువును విడిచి మొగలాయిల కొలువున చేరెను. వాని చేష్టలకు మతముకంటె ధనదాహమును అధికారదాహమును ముఖ్యకారణములని మాకు తోచుచున్నది. ఏదియైనను, ఆ లోహమును కరిగించినవారి పాపము మూడు వందల డెబ్బది యేండ్ల పిమ్మట రుద్రవరములో పలకబట్టి బడికి వచ్చు బాలుని తలమీదికి ఏ న్యాయమున దిగును?

మేము పిల్లలను ఆ ద్వారమునుండి మళ్లించిన నాడు ఈ లెక్కలేమియు వేయలేదు. అదియే విశేషము. మాకు ద్వేషము లేదనియే అనుకొంటిమి. మా సీమ పల్లెలలో పీర్ల పండుగకు హిందువులు ముందు నడచుట మేము ఎఱుగుదుము. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరునకు ముసల్మానులు టెంకాయలు కొట్టుట ఎఱుగుదుము. ఆ సంగతులను సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొంటిమి. అయినను ఒక బాలుడు తన పెద్దలు ప్రార్థించిన చోటును చూపుమని యడుగగా, అందులో చూడదగినది లేదంటిమి. ద్వేషముచేత కాదు, అలక్ష్యముచేత. ద్వేషించువాడు శత్రువునైనను ఒకసారి తేఱిపాఱ చూచును. అలక్ష్యము చేయువానికి ఎదుటిదే కనబడదు. చదువుకొన్నవారిలో ఈ రెండవ జబ్బే మెండుగా నున్నదని మా యనుభవము.

ఇందుకు మందు సమైక్యోపన్యాసములు కావు. మసీదును పొగడుట సయితము కాదు. పరీక్షింపని పొగడ్తకును పరీక్షింపని తెగడ్తకును వెల యొక్కటే. మందు ఒక్కటే: లోనికి పోయి చూచుట. దూలమునకును కమానునకును భేదమేమో పిల్లవానికి రెండు ఇటుకలతోడను ఒక పలకతోడను ఇంటి ముంగిట చూపవచ్చును. గర్భగృహమున దీపమెందుకో, మెహరాబున శూన్యమెందుకో ఇంటి గృహిణియే చెప్పవచ్చును. మా యింట చెప్పినది ఆమెయే. ఉపాధ్యాయులు విహారయాత్రకు పోవునపుడు రెండు ద్వారములను దాటింపవలయును. గెలిచినవాని గర్వమును, కట్టినవాని నేర్పును, మ్రొక్కినవాని భక్తిని వేఱువేఱుగ చూచు నేర్పు పిల్లలకు అబ్బినచో, అదే చరిత్రపాఠము, అదే విమర్శపాఠము.

ప్రొద్దు వాలువేళ మేము బయలుదేరితిమి. శిల్పి వెనుకబడియుండుట చూచి మరల లోనికి పోగా, ఆయన ఒక కమాను పాదమున అఱచేయి ఆనించి నిలిచియుండెను. "పనివాడు మంచివాడు, అయ్యవారూ" అని మాత్రమే అన్నాడు. ఆ పనివాని పేరు ఆయన అడుగలేదు. కులమును, మతమును అడుగలేదు.

మమ్ము ప్రశ్నించిన బాలుడు చదువు ముగించుకొని ఊరు విడిచి ఎన్నో యేండ్లయినది. అతడు ఈ పుటలను చూచునో లేదో మాకు తెలియదు. చూచినయెడల అతనికి ఇది మా ప్రత్యుత్తరము: నాయనా, అందులో చూడదగినది ఉన్నది. చూడవలసినవారము మేము చూడలేదు.